బిందె మీద పేరు

సైన్యంలో ఏ ఉత్తర్వూ ఊరికే పుట్టదు. ఎవరో ఒక మహానుభావుడు ఏదో ఒక ఘనకార్యం చేస్తేనే పుడుతుంది. మూడేళ్ళ కిందట ఒక పెద్ద ఆఫీసరు గారు విదేశానికి బదిలీ అయి వెళ్తూ, తన సామానుతో పాటు బావమరిది గారి బిలియర్డ్స్ బల్లను కూడా సర్కారు ఓడలో ఎక్కించారు. ఆ బల్ల క్షేమంగా చేరింది. బావమరిది దాని చుట్టూ నాలుగు గోడలు లేపి క్లబ్బు కూడా పెట్టుకున్నాడు. ఆఫీసరు గారిని ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆయన పెద్ద ఆఫీసరు. ఉత్తర్వు మాత్రం పుట్టింది.

"విదేశములకు బదిలీ అయిన ఉద్యోగి యొక్క స్వంత సామాను మాత్రమే రవాణా చేయబడును. పరుల సామాను, చెంచా మొదలు బల్ల వరకు, ఏ రూపమునందైనను రవాణా చేయబడదు" అని అందులో ఉంది. దాని కిందనే ఇంకో నిబంధన. "సామాను బయలుదేరినట్లు ధ్రువపత్రము లేనిదే కుటుంబము బయలుదేరరాదు." ఇది మాత్రం దయతో పుట్టింది. పూర్వం ఎవరో ముందుగా వెళ్ళిపోయి, సామాను రాక, నెల్లాళ్ళు హోటలు తిండి తిని కడుపులు పాడు చేసుకున్నారట. ఇకమీదట ఏ కుటుంబమూ గిన్నెలు లేకుండా బాధపడకూడదని, గిన్నెలు వెళ్ళకపోతే కుటుంబమే వెళ్ళకూడదని తేల్చారు.

ఈ రెండు నిబంధనల మధ్యా ఇరుక్కున్న మనిషి పేరు నూకరత్నం.

ఆమె భర్త ముద్దాడ తవిటినాయుడు నౌకాదళంలో పెట్టీ ఆఫీసరు, ఓడ ఇంజన్ల పని. ఒక చిన్న దీవి దేశం వాళ్ళు కొత్తగా నాలుగు ఓడలు కొనుక్కున్నారు గానీ వాటిని బాగుచేసుకోవడం వాళ్ళకి రాదు. అది నేర్పడానికి తవిటినాయుణ్ణి మూడేళ్ళకు పంపారు. అతను వెళ్ళి రెండు నెలలైంది. నూకరత్నం, ఏడేళ్ళ కూతురు లాస్య వెనకాల వెళ్ళాలి.

పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మొగుడూ పెళ్ళాలు ఒకే కప్పు కింద ఉన్న రోజులన్నీ కూడితే పద్నాలుగు నెలలు. వరసగా ఇరవై రెండు రోజులు దాటి ఎన్నడూ ఉండలేదు. ఇరవై మూడో రోజున ఏదో ఒక ఓడ కూత పెట్టేది. లాస్యకి నాన్న అంటే ఫోనులో గొంతు. అలాంటిది ఇప్పుడు ఒడ్డున ఉద్యోగం, ముగ్గురికీ ఒక ఇల్లు, మూడేళ్ళు. సామాను ఓడ ఈ నెల ఇరవైన బయలుదేరుతుంది. అది తప్పితే మళ్ళీ పదకొండు నెలలకి గానీ లేదు. నూకరత్నం క్యాలెండరులో ఇరవై చుట్టూ కుంకుమతో సున్నా చుట్టింది.

ఎనిమిదో తారీకున సామాను పరిశీలనాధికారి చయనులు గారు క్వార్టరుకి వచ్చారు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. చేతిలో టార్చిలైటు, జేబులో భూతద్దం. మంచాన్ని కింద నుంచి పైకి చూశారు. ఫ్యానుని పై నుంచి కిందికి చూశారు. వేటి మీదా ఎవరి పేరూ లేదు కాబట్టి "స్వంతము" అని రాసుకుంటూ వంటింట్లోకి నడిచారు. అక్కడ స్టీలు బిందె ఎత్తి, దాని మెడ దగ్గర భూతద్దం పెట్టి ఆగిపోయారు.

"గొర్లె పారమ్మ," అని చదివారు. "ఈమె యెవరు?"

"మా పెద్దమ్మండి. మా పెళ్ళికి పెట్టింది."

"ఈ గృహమునందు నివసించుచున్నదా?"

"లేదండి. రాజాం అవతల మా ఊళ్ళో ఉంటాది."

"ఆమె అక్కడ ఉండగా ఆమె బిందె ఇక్కడ ఎందుకున్నది?"

నూకరత్నానికి ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "పెట్టినోళ్ళ పేరు కొట్టిస్తారు కదండీ. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే మనం కూడా అంతకి తగ్గది పెట్టాలి కదా. మరి గుర్తుండొద్దేటి?"

చయనులు గారు చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, నా కుర్చీ మీద నా పేరున్నది. ఆ కుర్చీ నాది. తలుపు మీద డైరెక్టరు గారి పేరున్నది. ఆ గది వారిది. వస్తువు మీద పేరు వస్తువు యజమానిది. పుచ్చుకున్నవారిని వదలి ఇచ్చినవారి పేరు వ్రాయు పద్ధతి మా నిబంధనలలో ఎచ్చటను లేదు."

"మరి మీ ఇంట్లో గిన్నెల మీద ఎవరి పేర్లున్నాయండి?"

చయనులు గారు భూతద్దం ఒకసారి తుడుచుకున్నారు. ఆ పొద్దున ఆయన ఉప్మా తిన్న కంచం మీద వాళ్ళ తోడల్లుడి పేరుంది. వెంటనే సర్దుకుని, "నేను విదేశమునకు వెళ్ళుట లేదు," అన్నారు.

అక్కడి నుంచి ఆయన ఆగలేదు. పళ్ళెం, గరిటె, కూజా, డబ్బా, ప్రతిదీ తిరగేశారు. ఒక గిన్నె దగ్గర నూకరత్నమే నీళ్ళు నమిలింది. దాని మీద యాళ్ళ కన్నమ్మ అని ఉంది. ఆ కన్నమ్మ ఎవరో ఈమెకి తెలియదు. వెనకటి క్వార్టర్సులో పక్కింటివాళ్ళు పులిహోర పెట్టి పంపిన గిన్నె అది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, ఏదైనా మంచిది వండినప్పుడు పెట్టి ఇద్దామని అట్టే ఉంచింది. ఈలోగా వాళ్ళకి బదిలీ అయిపోయింది. ఆ కన్నమ్మ వాళ్ళకేమవుతుందో, ఆ గిన్నె వాళ్ళింటికి ఏ పులిహోరతో వచ్చిందో దేవుడికే తెలియాలి. నూకరత్నం గిన్నెలు రెండు కూడా అలాగే ఏ జామ్‌నగర్‌లోనో ఏ కొచ్చిలోనో కాపురం చేస్తున్నాయి.

"అనగా పరుల సొత్తు మీ అధీనమునందు ఉన్నది," అని చయనులు గారు ఎర్ర పెన్ను తీశారు.

మొత్తం అరవై గిన్నెలు, ముప్పై ఎనిమిది పేర్లు. చివరికి నివేదికలో ఇలా రాశారు: "సదరు వంటగదియందు ప్లాస్టిక్ చెంబు మినహా కుటుంబమునకు స్వంతమైనది ఏదియు కానరాలేదు."

పేర్లు అరగదీయించేస్తానంటే సాక్ష్యాన్ని రూపుమాపడం అవుతుందన్నారు. గిన్నెలు వదిలేసి మంచాలే పంపుతానంటే, ఒకసారి పరిశీలించిన సామానును విడదీయరాదన్నారు. ఉన్నది ఒకటే దారి, పరిత్యాగ పత్రం. "నేను పూర్తి స్పృహలో నుండి, ఎవరి బలవంతమును లేక, క్రింద పేర్కొన్న గిన్నెను ఇచ్చితిని. దానిపై నాకు గాని, నా వారసులకు గాని, ఇకముందు పుట్టబోవు నా మనుమలకు గాని ఎట్టి హక్కును లేదు." దీని మీద గిన్నె పెట్టినవాళ్ళ సంతకం, ఇద్దరు సాక్షులు, ఒక గెజిటెడ్ ఆఫీసరు ముద్ర. ముప్పై ఎనిమిది మందికి ముప్పై ఎనిమిది పత్రాలు.

నూకరత్నం లాస్యని చంకనేసుకున్నంత పని చేసి బస్సెక్కింది. అయిదు రోజులు ఊళ్ళు తిరిగింది. మేనత్త కాగితం చదివించుకుని, "అంటే నాను ఇచ్చిన గిన్నె మళ్ళీ అడుగుతానని అనుమానమేటే నీకు?" అని వారం రోజులకు సరిపడా ఏడ్చింది. చిన్నమామయ్య జాబితా అంతా చూసి, పెద్దమామయ్య గుండిగ పక్కన తనది టిఫిను డబ్బా అని రాసుండడం భరించలేక, తాను అప్పుడు గంగాళం పెట్టానని, అది ఎవరో మార్చేశారని, గంగాళం అని రాస్తేనే సంతకం పెడతానని కూర్చున్నాడు. తాతయ్య పోయి నాలుగేళ్ళయింది. ఆయన చెంబుకి పద్నాలుగు మంది వారసులు తేలారు. అందులో ఒకడు సూరత్‌లో, ఒకడు ఎక్కడున్నాడో వాడికే తెలియదు. ఒక గెజిటెడ్ ఆఫీసరు గారు గరిటెను కళ్ళారా చూడనిదే గరిటె కాగితం మీద ముద్ర వెయ్యనన్నాడు. పెద్దమ్మ పారమ్మ అయితే కాగితం కేసి కూడా చూడలేదు.

"ఏలిముద్ర మాత్రం అడక్కే. ఒకసారి ఏసినందుకే మూడు గుంటల బూమి పోనాది."

తిరిగి వచ్చేసరికి చేతిలో ఇరవై పత్రాలున్నాయి, ఇంకా పద్దెనిమిది రావాలి. పద్నాలుగో తారీకు. ఆఫీసులో చయనులు గారు ఒక్కొక్క పత్రమూ చూసి, జాబితాలో ఒక గ్లాసు దగ్గర ఆగారు.

"దుంపల నూకరత్నం, పరుగు పందెము, ప్రథమ బహుమతి. ఈమె పత్రము లేదే?"

"నేనేనండి. బడిలో ఇచ్చారు. పెళ్ళికి ముందు దుంపలోళ్ళమ్మాయిని."

"మీరు ముద్దాడ నూకరత్నం."

"అవునండి."

"కావున గ్లాసు మీది కాదు. దుంపల వారిది. ఆమె ఇచ్చునది, మీరు పుచ్చుకొనునది. ఇద్దరును హాజరు కావలెను."

ఆయన పరాచికానికి అనలేదు. లేచి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి వేశారు. నూకరత్నం ఎడమ కుర్చీలో కూర్చుని దుంపల నూకరత్నంగా హక్కు వదులుకోవాలి, లేచి కుడి కుర్చీలో కూర్చుని ముద్దాడ నూకరత్నంగా స్వీకరించాలి. ఎడమ కుర్చీలో ఉండగా చయనులు గారు నియమం ప్రకారం అడిగారు.

"ఎవరి బలవంతమును లేదు కదా?"

"ఉందండి. మీదే."

"విభాగము యొక్క బలవంతము బలవంతముగా పరిగణింపబడదు," అని ఆయన ముద్ర కొట్టారు.

మర్నాడు రవాణా విభాగం డైరెక్టరు గారి గదిలో సమావేశం జరిగింది. నూకరత్నాన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల మూడు గంటలు చర్చించారు. రెండుసార్లు బిస్కెట్లు వెళ్ళాయి. ఆఖరికి ఆమెను పిలిచి, డైరెక్టరు గారే స్వయంగా శుభవార్త చెప్పారు.

"అమ్మా, విభాగము నిర్దయ గలది కాదు. పరిష్కారము కనుగొంటిమి. హక్కు వదులుకొనని ఆ పదిహేడు మందియే ఆ సామానుకు యజమానులు. పరుల సామాను పంపరాదు కానీ, యజమాని వెంట ఉన్నచో అది పరుల సామాను కాదు గదా! కావున వారిని కూడా పంపుటకు నిశ్చయించితిమి. లేఖలు ఈ దినముననే వెళ్ళుచున్నవి."

"పదిహేడు మందినీనా సార్? అందులో మా తాతయ్య పోయారండి. ఆ యాళ్ళ కన్నమ్మ ఎవరో నాకే తెలీదు."

"మృతులకు మినహాయింపు ఉన్నది. ప్రతినిధిని పంపిన చాలును. తెలియనివారి కొరకు పత్రికా ప్రకటన ఇచ్చెదము."

"సరేనండి. మరి నేను, మా పాప?"

డైరెక్టరు గారు చయనులు గారి వైపు చూశారు. చయనులు గారు ఫైలు వైపు చూశారు.

"ఈ విడతకు విభాగమునకు మంజూరైన విమాన టిక్కెట్లు పదిహేడు. యజమానులకు ప్రాధాన్యము. తమరి పేరున ఉన్న వస్తువేదైనా ఉన్నదా?"

నూకరత్నం ఆలోచించింది. మంచాలూ మిక్సీ తవిటినాయుడు కాంటీను కార్డు మీద కొన్నవి. క్వార్టరు సర్కారుది. గిన్నెలు చుట్టాలవి. తొమ్మిదేళ్ళు ఆ ఇల్లు తుడిచింది, వండింది, పిల్లని పెంచింది. ఒక్క చెంచా మీద కూడా ఆమె పేరు లేదు.

"గ్లాసుందండి," అంది.

"అది దుంపల వారిది. ఆమె నిన్ననే హక్కు వదులుకొన్నది," అన్నారు చయనులు గారు, కాస్త బాధగానే.

పదిహేడో తారీకు పొద్దున్నే పారమ్మ మూట పట్టుకుని క్వార్టరు గుమ్మంలో దిగింది. డెబ్బై దాటిన మనిషి. రాజాం దాటి రావడం ఆమెకి ఇది మూడోసారి.

"సర్కారోలు కాగితం ఏసినారే. నా బిందెతో నన్నూ అంపుతారంట. పోస్టుమేను సదివాడు. ఊరంతా నవ్వతంది గానీ, నడు ఎల్లిపోదుం. ఆడ చుట్ట దొరుకుతాదేటి?"

అప్పుడు నూకరత్నం ఏడ్చింది. పది రోజులుగా బస్సుల్లో, బెంచీల మీద, రెండు కుర్చీల్లో ఆపుకున్నదంతా గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. జరిగిందంతా చెప్పింది. పదిహేడు మంది చుట్టాలు తన మొగుడి దగ్గరికి విమానంలో వెళ్తారని, తాను మాత్రం ఇక్కడే ఉండిపోతుందని చెప్పింది. పారమ్మ మూట కింద పెట్టి అంతా విన్నది.

"నీకు కావలసింది బిందేటే, మొగుడేటే?"

"మొగుడే."

"మరి బిందెట్టుకుని ఏడుస్తావేటి? సర్కారోలు సామాను సామాను అని అడగతన్నారు. ఏదో ఒకటి ఆల మొకాన కొట్టి నువ్వెల్లిపో."

నూకరత్నం కళ్ళు తుడుచుకుని నిబంధన కాగితం మళ్ళీ తీసింది. పది రోజులుగా ఆ కాగితాన్ని భయంతో చదివింది. ఇప్పుడు చుక్కల ముగ్గులో చుక్కలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్క మాటే చదివింది. సామాను బయలుదేరవలెను. స్వంతము కావలెను. పరుల పేరు ఉండరాదు. పాత సామాను వద్దనుకుంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఎంత సామాను ఉండాలన్నది మాత్రం ఎక్కడా లేదు.

ఆ పూటే పెద్దమ్మా ఆమే కలిసి గిన్నెలన్నీ కడిగారు. ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి ఒక్కోదాంట్లో గుప్పెడు బియ్యం, చిన్న బెల్లం ముక్క వేసి, క్వార్టర్సులో ఇంటికొకటి చొప్పున పంచిపెట్టారు. మంచాలు ఒకరికి, మిక్సీ ఒకరికి ఇచ్చారు. బిందె ఇచ్చేటప్పుడు నూకరత్నానికి చెయ్యి రాలేదు. పారమ్మే దాన్ని ఎదురింటి గట్టు మీద పెట్టేసి వచ్చి, "నీకు రెండోది పుడితే ఇంకోటి కొంటాన్లే," అంది.

పంతొమ్మిదో తారీకున వడ్రంగి కొత్త పెట్టె చేసి తెచ్చాడు. దాని నాలుగు వైపులా తవిటినాయుడు పేరూ సర్వీసు నంబరూ నల్లరంగుతో రాయించింది. కొత్త దరఖాస్తు అందుకుని చయనులు గారు వచ్చారు. మూత తీశారు. టార్చి వేసి నాలుగు మూలలూ చూశారు. చెయ్యి పెట్టి అడుగు తడిమారు.

"లోపల ఏమియు లేదు."

"లేదండి."

"ఇది... పరులది కాదు కదా?"

"ఏదండి?"

"ఈ ఏమీ లేనిది."

"మాదేనండి. ఎవరి పేరైనా ఉందేమో చూసుకోండి."

ఆయన పెట్టెలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దంతో పావుగంట వెతికారు. ఒక్క పేరూ దొరకలేదు. పైకి లేచేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"అమ్మా! ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఇంతటి నిర్దోషమైన సామాను చూచి ఎరుగను. ఒక్క అభ్యంతరము లేదు. ఒక్క ఎర్ర గీత లేదు."

కబురందుకుని డైరెక్టరు గారు కూడా వచ్చారు. పెట్టెలోకి తొంగిచూసి చాలాసేపు అలాగే నిలబడ్డారు, గుడిలో నిలబడ్డట్టు. తర్వాత దాని మీద సీలు వేయించి, "జాగ్రత్తగా ఎత్తవలెను" అని చీటీ అంటించి, ఇద్దరు జవాన్లను కాపలా పెట్టించారు. యజమాని ఒక్కడే, ఆయన ముందే వెళ్ళి అక్కడ ఉన్నాడు. కనుక పదిహేడు మంది ప్రయాణం రద్దయింది, టిక్కెట్లు మిగిలాయి. చుట్ట దొరకని దేశానికి వెళ్ళే బాధ తప్పినందుకు పారమ్మ సంతోషంగా బస్సెక్కింది. ఇరవయ్యో తారీకున ఆ పెట్టె ఓడలో బయలుదేరింది, ఇరవై ఒకటిన నూకరత్నం, లాస్య విమానంలో బయలుదేరారు.

ఆ పెట్టె విభాగం చరిత్రలో మైలురాయి అయింది. దాని ఫొటో తీసి, "ఆదర్శ సామాను" అని శీర్షిక పెట్టి, అన్ని కేంద్రాలకూ పంపారు. తర్వాతి ఓడలో అలాంటి పెట్టెలు నూట పన్నెండు వెళ్ళాయి. ఒక్కటీ పగల్లేదు, ఒక్కటీ పోలేదు, ఒక్క ఫిర్యాదూ రాలేదు. విభాగానికి ప్రశంసాపత్రం వచ్చింది. చయనులు గారికి ప్రమోషను వచ్చి, ఆయన పేరు కుర్చీ మీద నుంచి తలుపు మీదికి ఎక్కింది.

అదంతా తర్వాతి సంగతి. నూకరత్నం పెట్టె ఆ దీవికి చేరేసరికి తల్లీకూతుళ్ళు అక్కడికి వచ్చి ఇరవై ఆరు రోజులైంది. తవిటినాయుడు రేవులో రసీదు మీద సంతకం పెట్టాడు. "అందిన సామాను: శూన్యము. స్థితి: సురక్షితము." ఇంటికి తెచ్చి, హాల్లో దించి, మూత తీశాడు. ఆ దీవిలో కొన్న రెండు గిన్నెలతో కాపురం చేస్తున్నారే గానీ, నూకరత్నం అతనికి పెట్టె సంగతి చెప్పలేదు.

"ఏటే ఇది? ఏటీ లేదు!"

"అలాగనకండి. ఉన్నదంతా మీ పేరునే ఉంది. పరాయోళ్ళది చెంచా కూడా లేదు, డైరెక్టరు గారే రాసిచ్చారు."

అతను ముందు నవ్వాడు. ఆమె జరిగిందంతా చెబుతుంటే నవ్వు తగ్గింది. రెండు కుర్చీల దగ్గరికి వచ్చేసరికి పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. ముప్పై ఎనిమిది పేర్లున్న గిన్నెల్ని ఊరికి పంచేసి వచ్చింది తన కోసమని అప్పటికి గానీ అతనికి తెలియలేదు.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ గోడకి ఆనించి అతని కిట్‌బ్యాగు ఉంది. పదిహేనేళ్ళ నుంచి ఏ ఊళ్ళో ఉన్నా, ఏ ఇంట్లో ఉన్నా, ఆ బ్యాగు కట్టే ఉండేది. బట్టలు అందులోంచి తీసుకునేవాడు, ఉతికి అందులోనే పెట్టేవాడు. ఓడ పిలిస్తే అయిదు నిమిషాల్లో బయలుదేరాలి. ఇక్కడికి వచ్చాక కూడా అలవాటు పోలేదు. దాన్ని తెచ్చి పెట్టె మీద బోర్లించాడు. చొక్కాలు, లుంగీలు, క్షవరం డబ్బా, లాస్య మొదటి పుట్టినరోజు ఫొటో, అన్నీ పెట్టెలో పడ్డాయి.

ఖాళీ బ్యాగుని మడిచి, ఇంక దీంతో పనేముందన్నట్టు, కూతురికి ఇచ్చాడు. లాస్య దాన్ని నెత్తిన వేసుకుని ఇల్లంతా తిరిగింది. నూకరత్నం నేల మీద కూర్చుని ఆ చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.